జీర్ణశకటోద్ధరణ శాస్త్రం: అఫ్జల్‌గంజ్ సంప్రదాయం

ఏ శాస్త్రమైనా మొదలుపెట్టే ముందు అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగూ చెప్పాలని పెద్దల నియమం. పాత కారును ఇంటి దగ్గర విప్పి, కడిగి, మళ్ళీ బిగించే ఈ శాస్త్రానికి అధికారి ఎవడంటే, నడిచే బండి ఒకటి ఇంట్లో ఉండగా నడవని బండి ఇంకొకటి డబ్బిచ్చి కొన్నవాడు. నడిచే బండి లేకుండా నడవనిది కొన్నవాడు ఇందులోకి రాడు. అతనికి మోసం జరిగిందంటారు. విషయం కారు. కారుకీ కర్తకీ మధ్య సంబంధం ఒక టార్పాలినూ, దాన్ని కట్టిన తాడూ. ప్రయోజనం సంగతికి ఇప్పుడే తొందర లేదు.

మిగతా దేశాల్లో ఈ శాస్త్రం గరాజులో పుట్టిందట. ఇల్లు, ఇంటి పక్కన గరాజు, గరాజు గోడకి వరసగా తగిలించిన పానాలు, మూలన చిన్న ఫ్రిజ్. హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో ఇంటికి గరాజు ఉండదు, మల్గీ ఉంటుంది. మల్గీలో దుకాణం ఉంటుంది, దుకాణం ముందు చేతిబండ్లుంటాయి, వాటి ముందు ఇంకొకరి దుకాణం ఉంటుంది. ఏ అన్నదమ్ముల తగాదా వల్లనో ఒక మల్గీ ఖాళీ పడి, అద్దెకు పోక, అందులోకి ఒక కారు దూరితే ఆ జాగాకి గరాజు హోదా వస్తుంది. దూరిన కారుకి ఒకవైపు తలుపు మాత్రమే తెరుచుకుంటుంది. రెండోవైపు పని ఏదైనా ఉంటే బండిని గల్లీలోకి తోసి, తిప్పి, మళ్ళీ లోపలికి తొయ్యాలి. ఇందుకు నలుగురు మనుషులు, నాలుగు చాయ్‌లు.

గరాజు అనదగ్గ గరాజు ఈ చుట్టుపక్కల ఒక్కటే ఉండేది. గౌలిగూడలో విమానాల కోసమని 1930 ప్రాంతంలో లేపిన పెద్ద ఇనుప షెడ్డు అది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వే రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో మొదలయ్యాక దాన్ని బస్సులకిచ్చారు. తరాల తరబడి జనం ఆ కప్పు కిందే నిలబడి బస్సెక్కారు. 2018 జూలై 5న అది కూలింది. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. బండి కన్నా ముందు కప్పు జీర్ణమవుతుంది, ఇది మన మొదటి సూత్రం.

గరాజు లేనిచోట గరాజు విద్య ఎందుకు పుట్టిందన్న పూర్వపక్షానికి సమాధానం తేలిక. అఫ్జల్‌గంజ్‌లో జాగా లేదు గాని సామాను ఉంది. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా పేరు మీద వెలసిన ఈ గంజ్‌లో ధాన్యం దగ్గర మొదలైన వ్యాపారం ఇనుము దాకా వచ్చింది. పుత్లీబౌలి వైపు నడిస్తే స్పేర్ పార్టులు, బేగంబజార్ వైపు నడిస్తే హార్డ్‌వేరు. ఇక్కడెక్కడా దొరకనిదానికి జుమ్మెరాత్ బజార్. 1891లో ఆసఫియాగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం కూడా అఫ్జల్‌గంజ్‌లోనే ఉంది. చదువుకోదలచినవాడు అటు తిరగవచ్చు. తిరిగినవాణ్ణి నేను చూడలేదు. అటు పోదామని బయల్దేరిన కాళ్ళే వాషర్ల కొట్టు ముందు ఆగుతాయి.

ఇక జాతి నిర్ణయం. మన పూర్వులు పద్మిని, చిత్తిని, శంఖిని, హస్తిని అని నాలుగు జాతులు చెప్పింది ఆడవాళ్ళ గురించని లోకం అనుకుంటుంది. కార్ల గురించని నా మతం. బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్ 1100కి 1974లో ప్రీమియర్ పద్మిని అని పేరు పెట్టడం ఇందుకు సాక్ష్యం. సన్నని నడుము, 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కనే గేరు. హస్తిని అంబాసిడర్ అని వేరే చెప్పనక్కర్లేదు. ఉత్తర్‌పారాలో 1957 నుంచి 2014 దాకా ఒకే నడకతో వచ్చింది. మద్రాసు స్టాండర్డ్ హెరాల్డ్ చిత్తిని. శంఖినీ జాతి మీద ఏకాభిప్రాయం లేదు. హారన్ ఒక్కటే పనిచేసే బండ్లన్నిటినీ అందులో వెయ్యవచ్చు.

ఈ శాస్త్రానికి గుండెకాయ నట్టూ బోల్టూ. ఇక్కడే మతభేదాలన్నీ పుట్టాయి. 1841లో ఇంగ్లాండులో జోసెఫ్ విట్‌వర్త్ అనే ఆయన బోల్టు మర 55 డిగ్రీలలో ఉండాలని నియమం చేశాడు. తరువాతివాళ్ళు 60 డిగ్రీలన్నారు. అంబాసిడర్‌కి తాత మోరిస్ ఆక్స్‌ఫర్డ్ గనక దానిది అంగుళాల మతం. ఫియట్ ఇటలీ నుంచి వచ్చింది గనక మిల్లీమీటర్ల మతం. ఒక మతం పానాతో ఇంకో మతం నట్టును తిప్పబోవడం మహాపాతకం. అరంగుళమంటే 12.7 మిల్లీమీటర్లు. పదమూడో నంబరు పానా దానికి పట్టినట్టే పడుతుంది, గట్టిగా తిప్పితే జారుతుంది, జారి నట్టు మూలలు నున్నగా తినేస్తుంది. ఆ మిగిలిన మూడు పాయింట్ల సందులో ఎందరి వేలి కణుపులు చితికాయో లెక్క లేదు.

అంతకన్నా లోతైన భేదం తుప్పుకి సంబంధించింది. ఏళ్ళ తరబడి వానకు తడిసిన నట్టు, బోల్టు రెండుగా కనిపిస్తాయి గాని వస్తువు ఒక్కటే. ఇది అద్వైతం. కిరోసిన్ పోసి రాత్రంతా నానబెట్టి, పొద్దున సుత్తితో చుట్టూ మెల్లగా తట్టి, పానా వేసి ఊపిరి బిగబడితే ఒక వెంట్రుకవాసి కదులుతుంది. రెండూ వేరే, కాని విడదీయరానివి. ఇది విశిష్టాద్వైతం. సాధకులు ఇక్కడ ఆగి చాయ్ తాగాలి. తాగకుండా ఇంకొంచెం బలం పెట్టినవాడికి టక్కుమని ద్వైతం సిద్ధిస్తుంది: తల చేతిలో, మొండెం ఇంజనులో. ఆ మొండేన్ని బయటికి తీయడం లేత్ మిషన్ వాడి పని, అది వేరే శాస్త్రం, దాని రుసుము వేరు.

కొత్త బోల్టు కోసం కొట్టుకు పోతే అక్కడ జరిగేది శిష్యోపదేశమే. కౌంటరు వెనక పెద్దాయన మన బోల్టు తీసుకుని చూడీల మీద గోరుతో ఒకసారి గీస్తాడు. స్కేలు ముట్టుకోడు.

‘‘గిది అంబాసిడర్‌ది సార్. మీ బండి ఫియట్ అంటిరి.’’

‘‘ఫియట్‌లోంచే విప్పిన భయ్యా.’’

‘‘మీ కన్న ముందు ఎవరో ఎక్కిచ్చిండ్రు. ఏ మోడల్?’’

‘‘అరవై ఎనిమిది.’’

‘‘దొరుకుతది. రేపు రాండ్రి.’’

బోల్టు దొరకదని ఈ బజారులో ఎవరూ అనరు. రేపు అనేది ఇక్కడ వాయిదా కాదు, విశ్వాసం. మర్నాడు పోతే ఆ బోల్టు ఉండదు. దాని పక్కన పెట్టుకోదగ్గవి ఇంకేవో ఉంటాయి, అవి కొంటాం. సామాను ఇంట్లో పెరుగుతుంది. బానెటు మీద వడియాలు ఎండుతుంటాయి గనక దాన్ని ఎత్తడానికి వీల్లేదు. ‘‘ఏమండీ, ఆ డిక్కీ తాళం ఈ ఎండాకాలంలోనన్నా పడుతుందా? చింతపండు పెట్టుకోవాలి’’ అని అడిగే గృహిణి బండికి ఉపయోగం కనిపెట్టిన మొదటి వ్యక్తి. శాస్త్రం ఆమెకు రుణపడి ఉంది.

ప్రమాణాల్లో ప్రత్యక్షం పనికిరాదు. పాత బండిని పైనుంచి చూస్తే తళతళలాడుతుంది. స్పీకరు లోంచి ఊడదీసిన అయస్కాంతం ఒకటి జేబులో వేసుకుని వెళ్ళి తలుపు కింది అంచుకి పెట్టాలి. ఠక్కున అతుక్కుంటే రేకు. జారి కింద పడితే పుట్టీ, పుట్టీ మీద రంగు, లోపల శూన్యం. అనుమాన ప్రమాణం ఒక్కటే నమ్మదగ్గది. కొండ మీద పొగను చూసి నిప్పుందని తేల్చడం తర్కశాస్త్రంలో మొదటి పాఠం. అయితే తార్కికులు పొగకి రంగు అడగలేదు, అక్కడ తప్పారు. సైలెన్సరు లోంచి నీలం పొగ వస్తే ఇంజన్ ఆయిలు కాలుతోంది, రింగులో వాల్వ్ గైడులో అరిగాయి. నల్లది వస్తే పెట్రోలు ఎక్కువ తాగుతోంది. తెల్లది ఆగకుండా వస్తే హెడ్ గాస్కెట్ పోయి నీళ్ళు లోపలికి దిగుతున్నాయి. పొగే రాకపోతే ఇంజను బాగుందని కాదు. ఇంకా స్టార్టు కాలేదు.

వాల్వుల పని దగ్గర కాస్త ఆగుదాం. హెడ్డు దించి, బొగ్గు గీకి, వాల్వు ముఖానికి గరుకు పేస్టు రాసి, కర్ర చివర రబ్బరు గిన్నె అతికించి, మజ్జిగ చిలికే కవ్వాన్ని తిప్పినట్టు రెండు అరచేతుల మధ్య తిప్పాలి. కొంచెం తిప్పి, ఎత్తి, పావు చుట్టు జరిపి మళ్ళీ తిప్పాలి. గరగరమనే చప్పుడు మెత్తబడి చివరికి వినిపించకుండా పోతుంది. తుడిచి చూస్తే సీటు చుట్టూ బూడిదరంగు గీత సన్నగా, ఎక్కడా తెగకుండా ఉండాలి. తరువాత హెడ్డును తిరగేసి పోర్టులో పెట్రోలు పోసి పక్కన పెట్టాలి. వాల్వు కింద తడి కనబడకపోతే పని అయినట్టు. కనబడితే మళ్ళీ మొదట్నించీ. ఈ ఒక్క పనిలో మాత్రం ఎగతాళికి చోటు దొరకలేదని శాస్త్రకారుడు ఒప్పుకోవలసిందే.

ఇంత విప్పాక పాత చిక్కు ఒకటి ఎదురవుతుంది. రింగులు కొత్తవి, తలుపులు ఇంకో బండివి, ఫ్లోరు రేకు కొట్టించింది, సీట్లు కుట్టించినవి. మరి ఈ కారు ఆ కారేనా? యవన రాజు మిళిందుడు రథమెక్కి వస్తే బౌద్ధ భిక్షువు నాగసేనుడు అడిగాడు: ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా? ఏదీ కాదని రాజే ఒప్పుకున్నాడు. రథమనేది ఒక పేరు మాత్రమేనని నాగసేనుడు తేల్చాడు. నైయాయికులు దీన్ని ఒప్పుకోలేదు, అవయవాలకు వేరుగా అవయవి ఉందన్నారు. ఈ తగువు తీర్చింది ఫ్రాన్సు కంపెనీ ప్యూజో. 2017లో హిందుస్థాన్ మోటార్స్ దగ్గర అంబాసిడర్ అనే పేరును 80 కోట్ల రూపాయలకు కొంది. ఇరుసు లేదు, చక్రాలు లేవు, పేరు. నాగసేనుడి వాదానికి ఇంత ధర ఎన్నడూ పలకలేదు.

పూర్వరూపం అక్కర్లేదనే నాస్తిక శాఖ కూడా మనకుంది. బహదూర్‌పురాలో సుధాకర్ యాదవ్ పెట్టిన సుధా కార్స్ మ్యూజియంలో వంకాయ కారు, బూటు కారు, క్రికెట్ బ్యాటు కారు ఉన్నాయి. తుక్కు మళ్ళీ ఫియట్ కావాలని ఎక్కడ రాసుందని ఆ శాఖ ప్రశ్న. ఆస్తికుల దగ్గర జవాబు లేదు.

బండి నడవాలా అన్న అధికరణానికి చౌమహల్లా ప్యాలెస్ ప్రమాణం. నయాపూల్ దాటి, మదీనా, చార్మినార్ మీదుగా పోతే ఖిల్వత్‌లో పసుపుపచ్చ రోల్స్‌రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చారు. 1911లో ఆయన పోయారు, బండి ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్‌కి వచ్చింది. లోపల సీటు సింహాసనం తీరున ఉంటుంది. అది తిరిగింది బహు తక్కువ, పెద్ద సందర్భాల్లోనే. ప్రపంచంలోకెల్లా ధనవంతుడనిపించుకున్న ఉస్మాన్ అలీఖాన్ మాత్రం పాత డొక్కు ఫోర్డులో తిరిగేవాడని పాతబస్తీలో చెప్పుకుంటారు. కింగ్‌కోఠీ తోటలో బంగారం నింపిన లారీలు బరువుకి చక్రాల దాకా నేలలో దిగబడిపోయాయన్నది ఇంకో కథ. కథ నిజమైనా కాకపోయినా శాస్త్రసమ్మతమే: బండి విలువ పెరిగేకొద్దీ కదలిక తగ్గుతుంది. దీనికి అపవాదం చైతన్య రథం. పాత షెవర్లే వ్యాను, హరికృష్ణ చేతిలో స్టీరింగు, పైన ఎన్టీఆర్. 1982-83లో రాష్ట్రమంతా తిరిగి ప్రభుత్వాన్నే మార్చేసింది. అంత పనికొచ్చిన బండి మన శాస్త్ర పరిధిలోకి రాదు.

చివరికి రాజశాసనం. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం వింటేజ్ వాహనాలకు నియమాలు పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి, ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా మొదటి రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ళ చెల్లుబాటు, నంబరులో వీఏ అనే అక్షరాలు. ఆ బండిని రోజూ రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శనకి, ర్యాలీకి, మరమ్మతుకి, పెట్రోలు పోయించుకోవడానికి మాత్రం తీయవచ్చు. ఈ చివరి మినహాయింపు రాసిన అధికారి ఎవరో గాని సర్వశాస్త్ర పారంగతుడు. పెట్రోలు బంకుకి వెళ్ళి రావచ్చు. వెళ్ళి రావడంలో ఖర్చయిన పెట్రోలు పోయించుకోవడానికి మళ్ళీ వెళ్ళవచ్చు. ఇందులో నియమోల్లంఘన ఎక్కడా లేదు, పైగా అఫ్జల్‌గంజ్ ట్రాఫిక్‌లో ఒక్కసారి వెళ్ళి వస్తే పొద్దు గడుస్తుంది.

ఇక వాయిదా వేసిన ప్రయోజనం. ఈ వ్యాసం చదివినవారిలో ఎవరింట్లోనైనా, అటక మీద గాని పాత మంచం కింద గాని, ఫియట్ 1100 ముందు తలుపు చిన్న అద్దానికి ఉండే గడియ పడి ఉంటే దయచేసి పారెయ్యకండి, తుక్కువాడికి వెయ్యకండి, నాకు కబురు పెట్టండి. ఎడమవైపుది కావాలి. కుడివైపువి నా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.