కాయిల్ మీద మోపిన నేరం

నరసాపురంలో బండి స్టార్టవకపోతే ముద్దాయెవరో విచారణకి ముందే తేలిపోతుంది. సఖినేటిపల్లికి గోదారి దాటించే పంటు ఎక్కే రేవులో బైకు మొరాయించిందా, చుట్టూ చేరిన నలుగురిలో ముగ్గురు "ఆయ్, కాయిల్ పోయుంటదండీ" అనేస్తారు. పెట్రోలుందో లేదో చూడమన్న నాలుగో ఆయన మాట ఎవరికీ పట్టదు. నిజానికి ఇక్కడి ఉప్పుగాలి ముందు తినేది కనెక్టర్లని, ఎర్త్ బోల్టుని. ప్లగ్గుకి రవ్వనిచ్చే కాయిల్ చుట్లు రెజిన్ పోతలో కాస్త భద్రంగానే ఉంటాయి. అయినా ఖాళీ ట్యాంకు పాపం కూడా దాని నెత్తినే.

ఇక పరీక్ష. ప్లగ్గు విప్పి, క్యాప్‌లో గుచ్చి, ఇంజిన్ రెక్కలకి ఆనించి కిక్ కొడతారు. నీలంగా చిటుక్కుమంటే కాయిల్ నిర్దోషి. ఈ తీర్పు చెల్లదు. సిలిండర్ లోపల గాలి దాదాపు తొమ్మిదో వంతుకి నొక్కుకుపోతుంది. గాలి చిక్కబడేకొద్దీ రవ్వ దాన్ని దాటడానికి వోల్టులూ పెరగాలి. 1889లోనే ఫ్రీడ్రిక్ పాషెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త తేల్చిన సంగతే ఇది. బయట మెరిసే కాయిల్, ఇంట్లో పద్యాలు దంచేసి అంతర్వేది తీర్థంలో స్టేజీ ఎక్కగానే గొంతు పెగలని నటుడి బాపతు కావచ్చు. రవ్వ రాకపోయినా శిక్ష వేసెయ్యకూడదు. ప్లగ్గు, క్యాప్, వైరు, కాయిల్‌కి కరెంటు పంపే సీడీఐ డబ్బా అన్నీ అనుమానితులే.

మీటరుందిగా అంటారు చదువుకున్నవాళ్ళు. ఉంది, అరకొరగా. కాయిల్‌లోని ప్రైమరీ చుట్టు రెండుమూడు ఓమ్‌లు కూడా ఉండకపోవచ్చు. మీటరు కడ్డీలు రెండూ ఒకదానికొకటి తాకిస్తేనే కొంత అంకె కనిపిస్తుంది. సెకండరీ వేల ఓమ్‌లు. క్యాప్ తియ్యకుండా కొలిస్తే అందులోని రెసిస్టరు తాలూకు ఐదువేలు కూడా కలిసి, మంచి కాయిల్ తుక్కులో పడుతుంది. తెగిన చుట్టుని మీటరు పట్టుకుంటుంది. కానీ దాని బుల్లి బ్యాటరీకి, పదివేల వోల్టులకి పగిలే ఇన్సులేషన్ గుట్టు ఏం తెలుస్తుంది? వేడెక్కితేనే మొండికేసే కాయిల్, చల్లగా ఉన్నప్పుడు సరైన అంకె చూపించి పెద్దమనిషిలా కూర్చుంటుంది. వేలుపెట్టి చూసే వస్తాదులూ లేకపోలేదు. 1836లో ఇండక్షన్ కాయిల్ చేసిన ఐరిష్ ఫాదరు నికొలస్ కాలన్, దాని సత్తా తేల్చడానికి విద్యార్థులకి షాకులిచ్చేవాడంటారు. ఆయన కాలంలో చవక మీటర్లు లేవు, మనకా సాకు లేదు.

"ఇంత గొడవెందుకండీ, పక్క బండి కాయిల్ పెట్టి చూస్తే పోదా?" అంటే, అదే అన్నిటికన్నా మేలు. కాకపోతే మారుస్తున్నప్పుడు కనెక్టరు పీకుతాం, చిలుం గీకుతాం, ఎర్త్ బోల్టు మళ్ళీ బిగిస్తాం. బండి కదిలితే ఆ పుణ్యం గీకుడిదా, కొత్త కాయిల్‌దా? పాతది తిరిగి బిగించి, జబ్బు తిరిగొస్తేనే నేరం రుజువైనట్టు. నడుస్తున్న బండికి పాత కాయిల్ పెట్టమంటే మెకానిక్ మనల్ని ఎలా చూస్తాడో తెలిసిందే. పైగా పంటు వెళ్ళిపోతుంది. అంచేత పాతదాన్ని కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చుకుని, తీరిగ్గా ఓ ఆదివారం మళ్ళీ బిగించి చూడాలి, పాత సామాన్లవాడికి ఇంట్లోవాళ్ళు వేసెయ్యకుండా ఉంటే.