నీలిప్రోలు షావుకారు

బూర్గంపహాడ్ నుంచి చర్ల దాకా గోదావరి వెంట మిర్చి, పత్తి పండే ఏ ఊరి సెంటర్లోనైనా, పురుగుమందుల కొట్టులో ఈయన ఉంటాడు. చెవి మీద పెన్ను, ముక్కు చివర కళ్లజోడు. రైతు "కోరాజన్ ఇయ్యి అన్నా" అంటే 60 మి.లీ. సీసా ఇచ్చి ఊరుకోవచ్చు. ఊరుకోడు. సీసా తిప్పి, లేబుల్ మీది అసలు మందు పేరు మీద బొటనవేలు ఆనించి, "క్లో... రాం... ట్రా" అని గుటక మింగి, "నీలి... ప్రోలు!" అంటాడు. భట్టిప్రోలు అవతల అదో ఊరేమో, బస్సు కూడా ఉందేమో అనిపిస్తుంది. అంత పేరు విన్నాక రైతుకి బేరమాడే ధైర్యం చాలదు.

వ్యవసాయ డిగ్రీ కుర్రాళ్లు నవ్వుతారు. 'క్లోరాంట్రానిలిప్రోల్'లో 'ట్రాన్' దగ్గర ఊనిక, మిగతావి తేలిక, చివర పొల్లు అని వాళ్ల పాఠం. ఇంగ్లీషు లెక్కన సబబే. కానీ ఊనిక లేని అక్షరాలను ఇంగ్లీషు నోరు సగం మింగేస్తుంది. తెలుగు నోటికి ప్రతి అక్షరమూ పూర్తిగా పలకాల్సిందే. మందుల కొట్టుకు ఏది మేలు? ఎసిఫేట్, ఎసిటామిప్రిడ్ రెండూ 'ఎసి'తోనే మొదలవుతాయి, రెండూ వేర్వేరు జాతుల మందులు. తోక మింగితే ఒకటడిగినవాడికి ఇంకోటి చేతికొస్తుంది. మన షావుకారు 'ప్రిడ్డు' అని ఒత్తి మరీ దించుతాడు; ఇమిడాక్లోప్రిడ్డు దాని చుట్టమేనని ఆ తోకే చెప్పేస్తుంది. అన్నిటికీ ఇలా కలిసిరాదనుకోండి: థయామిథాక్సామ్ దగ్గర ఆయన నోరూ తిరగదు, 'యాక్టారా' అని బ్రాండు పేరు చెప్పేసి దాటేస్తాడు.

విరవకూడని చోట విరుస్తాడన్నది రెండో ఫిర్యాదు. 'క్లోర్'లోని రకారాన్ని ఊడదీసి 'రాం' చేశాడట. హల్లును తర్వాతి అచ్చు మీదికి ఎక్కించడం గుణింతం నేర్పిన బుద్ధి. ఇంగ్లీషువాళ్లు నోటితో చేసేదీ దాదాపు అదే. 'నీలి' అని దీర్ఘం తీయడానికి మాత్రం సాకు దొరకదనుకుంటాం. దొరుకుతుంది. ఆ ముక్క ఆంత్రానిలిక్ ఆమ్లం పేరులోది. 19వ శతాబ్దంలో ఆ ఆమ్లాన్ని మొదట తీసింది నీలిమందు నుంచే. పేరులోని 'అనిల్' అరబ్బుల మీదుగా, పోర్చుగీసుల మీదుగా యూరప్ చేరిన మన సంస్కృత నీలమే. షావుకారుకి ఇవేవీ తెలియవు, చెప్పినా ఆశ్చర్యపోడు. డిగ్రీ కుర్రాడే వచ్చి తన పద్ధతిలో అడిగాడా, "ఆ కంపెనీ మాల్ మన దగ్గరికి రాదు తమ్ముడూ" అంటాడు.