పేరు కింద వరుసలు

నేను సోషల్ సైన్సెస్ సైటేషన్ ఇండెక్స్‌ని. ఫిలడెల్ఫియాలో యూజీన్ గార్ఫీల్డ్ నడిపిన సంస్థ 1973లో నన్ను తెచ్చింది. ఆన్‌లైన్‌కు మారకముందు లైబ్రరీ బీరువాల్లో లావుపాటి సంపుటాలుగా ఉండేదాన్ని. నా పని తీరు సులువే. ఒక పాత పేపర్ రాసినవారి పేరు, సంవత్సరం, పత్రిక, పేజీ ఒక వరుసలో ఉండేవి. దాన్ని ప్రస్తావించిన కొత్త పేపర్లన్నీ దాని కింద సన్నటి అక్షరాల్లో బారులు తీరేవి. ఎవరు ఎవరిని ప్రస్తావించారో చెబుతాను. ఎందుకు ప్రస్తావించారన్నది నా పేజీల్లో ఉండేది కాదు. నా వరుసలు లెక్కపెట్టి మనిషి పరిశోధనకు విలువ కట్టేవాళ్లు ఈ తేడాను దాటేస్తున్నారు. లెక్కించడం తగదని నేననను. చదవకుండా, లెక్క దగ్గరే ఆగి తీర్పు చెప్పడం అన్యాయమని మాత్రం గట్టిగా అంటాను.

కోనేరు రామకృష్ణారావు గారి సంగతే చూడండి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1967లో సైకాలజీ, పారాసైకాలజీ శాఖను నెలకొల్పిన ఆయన, 1987లో జాన్ పామర్‌తో కలిసి ‘బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్’లో అతీంద్రియ శక్తుల మీద పేపర్ రాశారు. మనసు, మెదడు మీద పనిచేసేవాళ్లు చదివే ఆ పత్రిక పద్ధతే వేరు. ప్రధాన వ్యాసాన్ని పదుల మంది పండితుల వ్యాఖ్యలతో, రచయితల జవాబుతో కలిపి అచ్చువేస్తుంది. అదే సంచికలో జేమ్స్ ఆల్కాక్ ఆ రంగాన్నే ప్రశ్నిస్తూ మరో ప్రధాన వ్యాసం రాశారు. ఇక నా పేజీల్లో ఒప్పుకున్నవాళ్ల ప్రస్తావన ఒక వరుసే, పూర్తిగా కొట్టిపారేసినవాళ్లదీ ఒక వరుసే. అచ్చు సంపుటాల్లో లేఖో సమీక్షో అయితే పక్కన ఒక అక్షరం గుర్తు పెట్టేదాన్ని గానీ, అవునన్నదానికీ కాదన్నదానికీ నా దగ్గర గుర్తు ఉండేది కాదు. ఆ వరుసల మొత్తాన్ని ప్రతిభ అన్నా పొరపాటే, అపకీర్తి అన్నా పొరపాటే. జనం ఆ వాదాన్ని పట్టించుకున్నారన్నదొక్కటే దాన్నిబట్టి తేలుతుంది.

పేరు దగ్గరా ఇబ్బందే. తెలుగువాళ్ల ఇంటిపేరు ముందు వస్తుంది. ‘రావు’ అసలు పేరుకు తోక. నేను ఆ తోకనే ఇంటిపేరుగా తీసుకుని, ‘రావు, కె.ఆర్.’ అని వేశాను. ఆ పొడి అక్షరాలున్న ప్రతి రావూ అక్కడికే చేరతాడు. పైగా అచ్చు సంపుటాల్లో మొదటి రచయిత పేరు కిందే వరుస ఉండేది కాబట్టి, పామర్ పేరు కింద వెతికితే ఈ పేపర్ ప్రస్తావనలు దొరికేవి కావు. 2012లో మొదలైన, పరిశోధకులకిచ్చే ఆర్కిడ్ గుర్తింపు సంఖ్య ఈ గందరగోళాన్ని కొంత తగ్గించింది. అయినా నేను ప్రధానంగా పత్రికలను ఏరుకున్నదాన్ని. తెలుగు పుస్తకంలో ఎంత లోతైన చర్చ జరిగినా అది నా వరుసల్లోకి రాదు.

అంకెలు లేకపోతే సిఫారసులూ పరిచయాలే రాజ్యమేలతాయి కదా అంటారు. ఆ భయం నిజమైనదే. ఊరూ పేరూ లేని కాలేజీ నుంచి వచ్చిన మంచి పేపర్‌ను పదిమందీ వాడుకున్నారని చూపగలిగింది నేనే. ఖండించే ప్రస్తావనలు తక్కువే, మొత్తంలో కలిసిపోతాయని ఇంకొందరంటారు. వేల మందిని కలిపి చూసినప్పుడు కలిసిపోవచ్చు. ఒక్క మనిషి ఉద్యోగం తేల్చేటప్పుడు, అందులోనూ వివాదమున్న రంగంలో, కలవవు. 2005లో, ప్రస్తావనల లెక్కతో పరిశోధకుడికి ఒక అంకె ఇచ్చే హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించిన భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ కూడా, ఒక్క అంకె మనిషి పనిని ఉరామరిగానే చూపుతుందని ఆ పేపర్‌లోనే రాశాడు.

గార్ఫీల్డ్ 1955లో ‘సైన్స్’ పత్రికలో నా ఊహను బయటపెట్టినప్పుడు చెప్పిన ప్రయోజనం వేరు: ఒక పేపర్‌ను వాడుకోబోయేవాడికి దాని మీద వచ్చిన విమర్శ కూడా కంటబడాలి. ఇప్పుడు బిలాస్‌పూర్‌లోని తిఫ్రాలో ఒక విద్యార్థి ఫోన్ తెరిస్తే గూగుల్ స్కాలర్‌లో అంకె క్షణంలో వస్తుంది, పైసా ఖర్చు లేదు. ఆ అంకె వెనకున్న పేపర్లు మాత్రం చాలాసార్లు చందా కట్టిన లైబ్రరీలకే తెరుచుకుంటాయి. విశ్వవిద్యాలయాలు ఖర్చు పెట్టాల్సింది అక్కడ. రామకృష్ణారావు గారి వ్యాసం, దాని పక్కనే ఆల్కాక్ వ్యాసం, వాటి వెంట వచ్చిన వ్యాఖ్యలు, అన్నీ ఆ విద్యార్థి చేతికి అందాలి.