గజం పెరిగింది, గంట పని దొరికింది

మా సూరారంలో నిరుద్యోగం లేదు. నా మాట కాదు, సర్కారు కొలబద్ద చెప్పే మాట. నమ్మకపోతే పొద్దున ఏడింటికి చౌరస్తాకు రండి. టిఫిన్ బండి వెనకాల, ఇంకా షట్టరు లేపని మొబైల్ షాపు మెట్ల మీద, డివైడర్ అంచున వంద మంది నిలబడి ఉంటారు. చేతిలో సద్ది డబ్బా, భుజాన తాపీ సంచి. ఓ బండి ఆగితే పాతికమంది ఉరుకుతారు, ముగ్గురు ఎక్కుతారు. మిగిలినవాళ్లు వచ్చి మళ్లీ అదే జాగాలో నిలబడతారు. వీళ్లను చూసి పని లేనివాళ్లనుకుంటే తప్పు మీదే.

కేంద్రం 2017 నుంచి కార్మికబల సర్వే ఒకటి చేయిస్తోంది. పీఎల్‌ఎఫ్‌ఎస్ అంటారు. వారం లెక్క ప్రకారం, సర్వేవాళ్లు రాకముందు ఏడు రోజుల్లో ఏదో ఒకరోజు ఒక్క గంట పని చేసినా సరే, ఆ వారానికి మీరు పనిలో ఉన్నట్టే. సోమవారం గంటసేపు ఇసుక తట్టలు మోసి, మంగళవారం నుంచి ఆదివారం దాకా డివైడర్ మీద బీడీ కాల్చినవాడూ, గచ్చిబౌలిలో ఏసీ గదిలో ఐదు రోజులు కూర్చున్నవాడూ ఒకే గడిలో, పక్కపక్కన. సమానత్వం రాజ్యాంగంలో ఉందని చదివాం గానీ, అమలవుతున్నది ఈ పట్టికలోనే. కిరాణా కొట్టులో తండ్రికి చిల్లర అందిస్తూ కూర్చున్న బీటెక్ కొడుక్కి జీతం లేకపోయినా ఉద్యోగం మాత్రం ఉంది. పిల్లనిచ్చేవాళ్లకు ఈ సంగతి ఇంకా తెలియదు.

ఈ గంట నియమం మనవాళ్లు కనిపెట్టింది కాదు, అంతర్జాతీయ కార్మిక సంస్థదే. నెల జీతం పడే దేశాల్లో దానికో అర్థం ఉందేమో. మా చౌరస్తా కూలీల అడ్డా మీదికి తెచ్చేసరికి అది ఆకలిని కూడా హాజరు పట్టీలో వేస్తోంది.

ఇక ఆదాయం. 2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం రూ.3,79,751. దేశం సగటు రూ.2,05,579. అంటే మనం దేశం కన్నా ఎంతో ఎత్తున ఉన్నాం. మా ఇంట్లో నలుగురం. గుణిస్తే రూ.15,19,004. బీరువా వెతికాను, బియ్యం డబ్బా వెతికాను, చివరి నాలుగు రూపాయలు దొరికాయి.

దొరకకపోవడం లెక్క తప్పు కాదు, నా తెలివి తక్కువతనం. రాష్ట్రానికైనా జిల్లాకైనా, ఆదాయమంటే అక్కడి జనం జేబుల్లో పడ్డ సొమ్ము కాదు. ఆ హద్దుల్లో తయారైన సరుకు, జరిగిన సేవల విలువ. శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీలో టీకా తయారైతే ఆ విలువ మా మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా ఖాతాలో పడుతుంది. లాభం ఏ ఊరి బ్యాంకుకు, ఏ దేశపు వాటాదారుకు పోయినా సరే. రంగారెడ్డి జిల్లా రాష్ట్రంలో అన్నిటికన్నా సంపన్నమైనది అయిందీ ఇలాగే: ఐటీ అద్దాల మేడల నీడ ఆ హద్దులో పడింది. ఆ నీడలో ఇస్త్రీ బండి పెట్టుకున్నవాడి తలకూ సగటులో వాటా ఉంది.

భాగించడానికి తలలు కావాలి కదా. మా జిల్లా పుట్టింది 2016 అక్టోబర్ 11న. దాని జనాభా లెక్కకు ఆధారం 2011 జనగణన. బిడ్డ పుట్టకముందే తూకం వేసిన ఘనత లోకంలో ఇంకెవరికైనా ఉందా? 2021లో ఎంచాల్సిన జనాన్ని 2027లో ఎంచుతారట. ఈలోగా ఒడిశా నుంచి, బిహార్ నుంచి, పాలమూరు నుంచి వచ్చి మా గల్లీల్లో ఒక్కో గదిలో ఆరుగురు చొప్పున కిరాయికి ఉన్నవాళ్లను అంచనా వేసుకోవాల్సిందే.

అన్నట్టు, నా సొంతింట్లో నేనుంటున్నా నాకు నేనే అద్దె కట్టుకుంటున్నట్టు జీడీపీలో రాసుకుంటారు. ఇన్నేళ్ల బకాయి నాకెవరిస్తారో అడగాలి. భూమి అమ్మకంలో ఇంకా సొగసుంది. పొలం ధర జీడీపీలోకి రాదు, అది ఉన్నదే చేతులు మారడం కాబట్టి. బ్రోకరు కమీషన్ మాత్రం వస్తుంది. ముప్పై ఏళ్లు దున్నిన పొలాన్ని వదులుకున్న సంతకం లెక్కలో లేదు, పక్కన నిలబడి పెన్ను మూత తీసిచ్చినవాడున్నాడు. బోరులో మంచి నీళ్లొస్తే దేశానికి పైసా లాభం లేదు. అది పాడై ట్యాంకర్ తెప్పించుకున్నారా, వృద్ధి!

అందుకే మా దగ్గర ఎవరూ ఈ పట్టికలు చదవరు. అందరూ చదివే సూచీ ఒక్కటే: గజం రేటు. 2025 జనవరి 1న మేడ్చల్‌కు, శామీర్‌పేటకు మెట్రో ప్రాజెక్టు నివేదిక (డీపీఆర్) తయారు చేయమని ముఖ్యమంత్రి చెప్పారు. పట్టాలు ఇంకా పడలేదు, పిల్లర్ లేవలేదు. కానీ అదే వారం వెంచర్ బోర్డుల మీద రైలు బొమ్మ ఎక్కింది. రైలు రాలేదు, రేటు వచ్చింది.

ఆ రేటు ఇప్పుడు జీడిమెట్లకూ పాకింది. 2025 నవంబర్‌లో ప్రభుత్వం హిల్ట్ పాలసీ తెచ్చింది. జీడిమెట్ల, బాలానగర్‌తో కలిపి 22 పారిశ్రామికవాడలు, సుమారు 9,292 ఎకరాలు. ఫ్యాక్టరీ జాగాను ఇళ్లకో మాల్‌కో మార్చుకోవచ్చు. రోడ్డు వెడల్పును బట్టి రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతమో 50 శాతమో రుసుము కడితే చాలు. ఇంగ్లీషులో హిల్ట్ అంటే కత్తి పిడి. పేరు పెట్టినవాళ్లు తెలిసే పెట్టారనుకుంటాను. పిడి ఎవరి చేతిలో ఉందో కాగితంలో ఉంది, అంచు ఎటు తిరిగి ఉందో లేదు.

ఇదంతా కాలుష్యాన్ని ఔటర్ రింగ్ రోడ్డు అవతలికి పంపడానికట. దానికి నేను అడ్డం చెప్పను. అర్ధరాత్రి కిటికీలోంచి వచ్చే ఆ ఘాటుకు దుప్పటి ముక్కు మీదికి లాక్కున్నవాణ్నే. కానీ వాసన వెళ్లేటప్పుడు దాని వెంట నెల జీతం కూడా వెళ్తుంది. పట్టికలో మాత్రం ఎక్కడా దిగుడు కనిపించదు. రుసుముతో ఖజానా పెరుగుతుంది, ఫ్లాట్లు అమ్మితే రిజిస్ట్రేషన్లు పెరుగుతాయి, టవర్ కడితే నిర్మాణ రంగం పెరుగుతుంది, తీసేసిన కార్మికుడికి వారంలో గంట పని దొరికితే ఉపాధీ తగ్గదు. కంపెనీ మూతపడటం ఇంత శుభకార్యమని మా తాతలకు తెలియదు.

మొన్న చాయ్ తాగుతూ అడ్డా మీద ఒకాయన్ని అడిగాను. యాభై దాటాయి. చొక్కా జేబు మీద పాత కంపెనీ బొమ్మ సగం చెరిగి ఉంది.

"ఈ వారం పని దొరికిందా అన్నా?"

"బేస్తారం ఒక్కపూట. సెంట్రింగ్ కర్రలు దించిన."

"అయితే నువ్వు ఉద్యోగివే."

నవ్వలేదు. నా మొహం కేసి చూసి, చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

పది కావస్తుండగా ఓ ట్రాలీ ఆటో ఆగింది. మేస్త్రీ తల బయటపెట్టి అరిచాడు. "షెడ్డు కూలగొట్టేదుంది, నలుగురు రావాలె. రేకులు దించుడు, గోడలు పడగొట్టుడు. జీడిమెట్ల."

ఉరికినవాళ్లలో ఈయన ముందున్నాడు. మేస్త్రీ ఎగాదిగా చూసి కంపెనీ పేరు చెప్పాడు. "లోపలికి రెండు మూడు మలుపులున్నయి. తొవ్వ ఎరుకేనా నీకు?"

ఆయన అప్పటికే వెనక ఎక్కి, సద్ది డబ్బా కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"ఎరుకే. పదకొండేండ్లు పోయొచ్చిన."