హిట్ బీట్ స్ట్రైకులకు టీకా తాత్పర్యం

మూలం:
హిట్ - హిట్ - హిట్
బీట్ - బీట్ - బీటెన్
స్ట్రైక్ - స్ట్రక్ - స్ట్రక్
డిఫీట్ - డిఫీటెడ్ - డిఫీటెడ్
విన్ - వన్ - వన్

అవతారిక: ఈ పంచపాది కర్త ఎవరో తెలియదు. వీ వన్, వీ టూ, వీ త్రీ అని మూడు నిలువు గడులు గీయించి, తెలుగునాట తరతరాల బడిపిల్లల చేత వల్లె వేయించిన గ్రంథమిది. ఛందస్సు ఏమిటో లాక్షణికులు తేల్చలేదు గానీ, బెత్తం తాళానికి చక్కగా ఒదుగుతుంది. మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే కోలాచల మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ నియమం పెట్టుకున్నాడు. రెండో సగం పాటిస్తే పత్రికల్లో వ్యాసాలే ఉండవు కనుక ప్రస్తుత వ్యాఖ్యాత దాన్ని సవినయంగా పక్కన పెట్టాడు.

ఇక టీక. వల్లె వేసిన కుర్రాణ్ణి అడిగితే మొదటి మూడింటికీ ‘కొట్టు’ అనే అర్థం చెబుతాడు. వాడి తప్పేం లేదు. తెలుగులో కాపీ కొడతారు, ఈల కొడతారు, సైకిలుకు గాలి కొడతారు, క్లాసు బోరు కొడుతుంది. ఎవరి ఒంటిమీదా దెబ్బ పడదు. ఓడించడం చాలదనిపిస్తే ఓడగొట్టనూవచ్చు. ఇంగ్లీషువాడిది అంత పెద్ద చెయ్యి కాదు. ఎవరిని, దేనిని, ఎన్నిసార్లు అని ముందు ఆరా తీసి, ఆ తర్వాతే క్రియ చేతికిస్తాడు.

హిట్: ఒకసారి తగులు. స్కాండినేవియా నుంచి వచ్చినవాళ్లు ఇంగ్లండుకు తెచ్చిన మాట. అక్కడ దానికి తారసపడు, ఎదురుపడు అని అర్థం. బాణం గురిని హిట్ చేసినా, లారీ చెట్టును హిట్ చేసినా ఆ ఎదురుపడటమే. సినిమా హిట్టయిందంటే జనానికి సరిగ్గా తగిలిందన్నమాట. మూడు గడుల్లోనూ ఒకే రూపమేమిటంటే, కట్, పుట్, షట్ కూడా అంతే: చివర ‘ట్’ ఉన్న ఇలాంటి పొట్టి క్రియల్లో చాలావాటికి భూతకాలంలోనూ వేషం మారదు.

బీట్: మళ్లీ మళ్లీ కొట్టు. గుండె, డోలు, గిలక్కొట్టిన కోడిగుడ్డు దీని ఉదాహరణలు. గుడ్డును హిట్ చేస్తే ఆమ్లెట్టు రాదు, తుడుచుకునే పని వస్తుంది.

ఇక్కడ పూర్వపక్షి లేచి, అలాగైతే ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ అంటే అడవిని కొట్టే అధికారి కావాలి కదా అని నిలదీస్తాడు. సమాధానం: కాళ్లు పదేపదే తొక్కిన దారి, కాపలాకు రోజూ తిరిగే హద్దు కూడా బీటే. పోలీసు బీటూ అదే. అడవిని కొట్టేవాడు వేరే ఉన్నాడు. వాణ్ణి పట్టుకోవడానికే ఈయనకు జీతం.

స్ట్రైక్ మహా మాయావి. పిడుగు స్ట్రైక్ చేస్తుంది, గడియారం స్ట్రైక్ చేస్తుంది, కార్మికులూ చేస్తారు. ఈ మూడోదాని వెనక 1768 నాటి లండన్ రేవు ఉంది. జీతాల గొడవలో నావికులు ఓడల తెరచాపలు దించేసి రేవు పని ఆపారు. తెరచాప దించడాన్ని వాళ్లు స్ట్రైక్ అనేవారు. సమ్మెకు ఆ పేరే నిలిచిపోయింది. అమెరికా బేస్‌బాల్‌లో వింత ఇంకా ముదురుతుంది. బ్యాటు ఊపి బంతికి తగిలించలేకపోతే దాని పేరు స్ట్రైక్, అలాంటివి మూడైతే ఆటగాడు ఔట్. క్రికెట్‌లో స్ట్రైక్ రేటు బ్యాట్స్‌మన్‌కు ఎక్కువుండాలి, బౌలర్‌కు తక్కువుండాలి.

క్రికెట్ మాట వచ్చింది కనుక అసలు రహస్యం ఇక్కడే విప్పాలి. బ్యాటు బంతికి తగిలితే హిట్. తగలకుండా బంతి పక్కనుంచి దూసుకుపోతే బ్యాట్స్‌మన్ బీట్ అయ్యాడంటారు. కొట్టు అనే ఒకే అర్థంతో బట్టీ పట్టిన రెండు మాటలు ఆ ఇరవై రెండు గజాల్లో పచ్చి విరోధులు. తాకితే ఒకటి, తాకకపోతే రెండోది. ఇక్కడ బీట్ కొట్టడం దాటి ఓడించడంలోకి అడుగుపెట్టేసింది. 2001 మార్చిలో కోల్‌కతాలో హైదరాబాదీ వీవీఎస్ లక్ష్మణ్ 281 పరుగులు చేశాడు. ఫాలోఆన్ ఆడిన ఇండియా 171 పరుగులతో ఆస్ట్రేలియాను బీట్ చేసింది. లక్ష్మణ్ హిట్ చేసింది బంతిని మాత్రమే.

డిఫీట్ కోటు వేసుకున్న మాట. సైన్యాలకూ సభలకూ తగును. 1999 ఏప్రిల్ 17న లోక్‌సభలో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో డిఫీట్ అయింది.

విన్ దగ్గరే తెలుగువాడు బోల్తా పడతాడు. ‘వి వన్ ఆస్ట్రేలియా’ అని సంబరంగా రాస్తాడు. ఇంగ్లీషులో విన్ చేసేది మ్యాచ్‌నో కప్పునో లాటరీనో. ఆ వాక్యం ప్రకారం ఆస్ట్రేలియా మనకు బహుమతిగా వచ్చేసినట్టు. కంగారూలతో సహా ఎక్కడ పెట్టుకోవాలో చూసుకోవాలి. తెలుగులో ఆస్ట్రేలియాపై గెలిచాం అంటాం. ఆ ‘పై’ దారిలో జారిపోవడమే ఈ అనర్థానికి మూలం.

తాత్పర్యం ఒక్క ఉదాహరణతో తేలుతుంది. భారతీయ న్యాయ సంహితలో హిట్ అండ్ రన్ కేసులకు పదేళ్ల వరకూ జైలు అని సెక్షన్ 106(2)లో రాశారు. దాని మీద 2024 జనవరి మొదట్లో లారీ, ట్యాంకర్ డ్రైవర్లు స్ట్రైక్ చేశారు. జనవరి 2న హైదరాబాద్‌లో పెట్రోలు కొట్టించుకోవడానికి జనం బంకుల ముందు బారులు తీరారు. పెట్రోలు దొరక్క ఒక డెలివరీ కుర్రాడు గుర్రమెక్కి పార్సిల్ ఇవ్వడానికి బయల్దేరాడు. హిట్‌లో లారీ తగిలింది, స్ట్రైక్‌లో లారీ ఆగింది, కొట్టించడంలో ట్యాంకు నిండింది. డ్రైవర్లు ప్రభుత్వాన్ని బీట్ చేశారా అన్నది వివాదాస్పదం. 2024 జూలై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు 106(2)ను మాత్రం పక్కన ఉంచారు.