ఏడో షరతు

మేడ్చల్‌లో దస్తావేజులు రాసే నా దగ్గరికి ఆ పటేల్ వచ్చాడంటే భూమి అమ్మకమే అనుకునేవాణ్ని. ఈసారి అమ్మడానికి భూమి మిగల్లేదు, బిల్డింగు ఉంది. కండ్లకోయలో ఐటీ పార్కుకు 2022 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరగ్గానే, ఇక సాఫ్ట్‌వేరోళ్లు వచ్చి పడతారని బ్యాంకు లోను తెచ్చి నాలుగంతస్తులు లేపాడు. 24 సింగిల్ రూములు.

గది కోసం వచ్చింది మాత్రం గోదాముల్లో హమాలీలు, కాలేజీల్లో ఊడ్చే ఆడవాళ్లు, గేటు కాడ నిలబడే సెక్యూరిటీ వాళ్లు. గదికి అయిదు వేలు చెప్పేవాడు. తలతాకట్టు పెట్టి ఆ అయిదు వేలూ ఇస్తామన్నా ఊరికే ఇచ్చేవాడు కాదు. ఎంతమంది ఉంటరు, ఏం వండుతరు, ఇంటిపేరేంది? మూడో ప్రశ్నకు జవాబు నచ్చకపోతే "అరె, పొద్దుగాలే ఒకరికి మాటిచ్చిన" అనేవాడు. అట్లా మాటిచ్చిన గదులే సగం ఖాళీగా పడున్నాయి. బ్యాంకు మాత్రం ఎవరి ఇంటిపేరూ అడక్కుండానే నెలనెలా కిస్తీ పట్టుకుపోతోంది.

"సారూ, ఆడోళ్ల పొదుపు సంఘమొకటి బిల్డింగు మొత్తం గుత్తకు అడుగుతున్నది. గదులు నిండినా నిండకున్నా నెలకు 84 వేలు నా ఖాతాల పడ్తయంట. ఇట్ల యాడన్న ఉన్నదా? మోసం గాదు గదా?"

ఉందన్నాను. కాలేజీల చుట్టూ హాస్టళ్లు నడిపేవాళ్లు చేసేది ఇదే కదా, బిల్డింగు ఒకరిది, నడిపేది ఇంకొకరు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగర ఆరోగ్య శాఖ 1998 నుంచి పాత హోటళ్లను ఇట్లాగే గుత్తకు తీసుకుని నిలువనీడ లేనివాళ్లకు ఇస్తూ వచ్చింది. మన దగ్గర 2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు పిల్లల్ని చంకనేసుకుని ఈ 44వ నంబరు హైవే మీదే మేడ్చల్ దాటి నాగపూర్ దిక్కు నడిచారు. ఆ జులైలోనే కేంద్రం, ఖాళీగా పడున్న సర్కారు ఇళ్లను 25 ఏళ్లకు ఒకరి చేతిలో పెట్టి వలస కూలీలకు, పేదలకు కిరాయికి ఇప్పించే పథకం తెచ్చింది. సర్కారు ఇళ్ల సంగతి సరే, మనుషుల మీద అనుమానంతో తాళాలేసుకున్న సొంత బిల్డింగుల మాట ఎవరెత్తారు? ఈ పొదుపు సంఘం ఎత్తింది. ఓనరుకు గదికి 3,500, సభ్యులు కట్టేది 3,700. మధ్యలో ఉన్న రెండొందలూ మోటారు కాలిపోతే రిపేరుకు, ఏ నెలన్నా గది ఖాళీ పడితే ఆ లోటు పూడ్చడానికి.

"పదకొండు నెలల కాగితం సరిపోదా?" అన్నాడు.

"సరిపోదు పటేలా, మీది మూడేళ్ల కాగితం, రిజిస్ట్రేషన్ తప్పదు. ఇంకోటి, వేరేవాళ్లకు కిరాయికి ఇచ్చుకునే హక్కు వాళ్లు రాయించుకుంటున్నారు. అది రాయకపోతే రేపు మీరు వాళ్లతో పేచీ పెట్టుకోవచ్చు."

"రాయుండ్రి. ఎవరిని పెట్టుకుంటరో వాళ్లిష్టం. నాకు పైసలతోటి పని."

సంఘానికి ఇంటిపేరుండదు మరి! పటేల్‌కు ఉన్న బెంగల్లా ఒక్కటే, ఈ ఆడోళ్లు మధ్యలో చేతులెత్తేస్తే? చాలాసేపు ఆలోచించి ఏడో షరతు తనే చెప్పి రాయించాడు. మూడేళ్ల లోపల ఎవరు తప్పుకున్నా అవతలి వాళ్లకు ఆరు నెలల కిరాయి కట్టాలి.

"ఎవరు తప్పుకున్నా అంటే మీరు కూడా" అని గుర్తుచేశాను.

"నెలనెలా ఎనభై నాలుగు వేలు పడ్తుంటే తప్పుకునేటోడు పిచ్చోడు సారూ. రాయుండ్రి."

రిజిస్ట్రేషన్ రోజు సంఘం కార్యదర్శి వచ్చింది. పాతికేళ్లుంటాయేమో. తీర్మానం కాపీ, ఆధార్, చలాను, ఇద్దరు సాక్షులు, అన్నీ ఒక ప్లాస్టిక్ ఫోల్డర్లో వరసగా పెట్టుకొచ్చింది. నా దగ్గరికొచ్చే పెద్ద పెద్ద రియల్టర్లకు ఆ వరస ఉండదు. పటేల్ లేచి కుర్చీ జరిపాడు. "కూసోండ్రి మేడమ్." ఫొటోలు దిగారు, వేలిముద్రలు పడ్డాయి, పని అయిపోయింది. బయటికొచ్చాక పటేలే అందరికీ చాయ్ చెప్పాడు.

"ఎక్కడుంటరు మేడమ్?"

"ఇప్పటిదాకా గుండ్లపోచంపల్లిల. ఒకటో తారీకు నుంచి మీ బిల్డింగుల్నే, మూడో అంతస్తు. నేనూ మా అమ్మ."

"మంచిది, మంచిది. మీరుంటే ఇంక నాకు రందే లేదు."

"నిరుడు గూడ వచ్చినం పటేలా, అదే గదికి. అమ్మ ఇంటిపేరు చెప్పింది. మీరు పొద్దుగాలే ఎవరికో మాటిచ్చిన్రట." చాయ్ గ్లాసు కింద పెట్టి ఫోల్డరు సంచిలో దోపుకుంది. "ఒక్క గదంటే దొరకలే. ఇరవై నాలుగంటే దొరికినయ్."

సాక్షులిద్దరితో ఆటో ఎక్కి వెళ్లిపోయింది. పటేల్ కాసేపు రోడ్డు దిక్కు చూసి, నా బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"సారూ, దీన్ని రద్దు చేసుకునే తొవ్వ ఏమన్న ఉన్నదా?"

"ఉంది పటేలా. ఐదు లక్షల నాలుగు వేలు. ఏడో షరతు."