గోదావరి ఒడ్డున గొంగళి

మే నెల మిట్టమధ్యాహ్నం. కరెంటు పోయి గంటయింది. వీధరుగు మీద కూర్చుని, అరకిలో ఊలు ఒళ్లో పోసుకుని స్వెట్టరు అల్లుకుంటున్నాను. ముంజలమ్మే అబ్బాయి సైకిలాపి, నన్నూ నా ఒళ్లోదాన్నీ తేరిపార చూసి, "ఒంట్లో బాగుందాండీ అమ్మగారూ?" అని అడిగాడు. అంత జాలిపడ్డవాడు ముంజల ధర మాత్రం రూపాయి తగ్గించలేదు.

రాజమండ్రిలో ఉండి ఊలు పిచ్చి పట్టించుకోవడమంటే ఊటీలో పంకాల కొట్టు పెట్టడమే. ఎండాకాలం 45 డిగ్రీలు చూసే ఊరు మాది. చలికాలమని మేం మురిపెంగా చెప్పుకునేది భోగిమంటకీ కనుమ గారెలకీ మధ్య వచ్చిపోయే రెండు మూడు తెల్లవారుజాములు. పైగా మాది కాటన్ దేశం. వేళాకోళం కాదు, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి 1852కల్లా మాకు నీళ్లిచ్చిన దొరగారి పేరే కాటన్. ఊరూరా గుర్రమెక్కి నిలబడ్డాడు మహానుభావుడు. ఆయన పేరు ఊల్ దొర అయ్యుంటే మా అత్తగారు నా సూదుల్ని ఇంకాస్త మర్యాదగా చూసేవారేమో.

ఎనిమిదో తరగతిలో మా కుట్ల టీచరుగారు నేర్పిన విద్య ఇది. ఒక వరస నేరుగా, ఒక వరస తిరగేసి. ఇంతే శాస్త్రం. మిగిలినదంతా జారిపోయిన కుట్టుని వెతుక్కోవడం. ఆ జారిన కుట్టు ఉందే, అది కాలవ గట్టుకి పడ్డ ఎలక బొరియ లాంటిది. చూస్తే ఇంతే ఉంటుంది. పట్టించుకోకపోతే కింద పదిహేను వరసలూ కొట్టుకుపోతాయి.

పెళ్లయిన కొత్తలో మావారికి మూడు నెలలు కష్టపడి స్వెట్టరు అల్లాను. మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రోడ్డు పక్కన నేపాలీవాళ్లు గంపగుత్తగా అమ్ముతున్నారు కదమ్మా, ఈ మూణ్ణెల్లూ ఆవకాయ జాడీలు కడిగినా పని తెమిలేది" అన్నారు. ఏటా చలికాలం పేరు చెప్పి మా వీధుల్లో స్వెట్టర్ల గుట్టలు పరిచే ఆ 'నేపాలీ'లు చాలామంది నిజానికి టిబెట్ వాళ్లు, వాళ్ల సరుకు లూధియానాది. ఈ సంగతి ఆవిడకి చెప్పాను. ఆవిడ అభిప్రాయం మారలేదు.

అప్పట్నించీ నా చేతి పనికి నమ్మకమైన ఖాతాదార్లు పురిటిపిల్లలే. మనవైపు పసిగుడ్డుకి రోహిణి కార్తెలోనైనా చెవులు కప్పి తీరాలి, గాలి పోతుంది. టోపీ, మేజోళ్లు, నాడా కట్టిన చిట్టి స్వెట్టరు. కాదు కూడదు అనలేని వయసు వాళ్లది. బంధువర్గంలో ఇరవై ఏడు మంది నా టోపీలోంచే లోకాన్ని చూశారు. వాళ్లలో సగం మంది ఇప్పుడు అమెరికాలో నిజంగా మంచు కురిసేచోట ఉన్నారు, కొనుక్కున్న టోపీలు పెట్టుకుని.

ఉన్నిని ఇంత దూరం పెట్టిన జనం మాటల్లో మాత్రం దాన్ని వదల్లేదు. మా ఆయన గొంగళి ఎలా ఉంటుందో ఒక్కసారైనా చూడకుండానే, మా మరిది పనితీరు గురించి "ఎక్కడ వేసిన గొంగళి అక్కడే" అని ముప్ఫై ఏళ్లుగా అంటున్నారు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరకూడదని మా నాన్నమ్మ చెప్పేది, ఆవిడ తిన్నదంతా అరిటాకులో. ఇక పెరట్లో మునగచెట్టు బెరడంతా మందలు మందలుగా పాకే గొంగళిపురుగులు. కోనసీమ మొత్తం మీద ఒంటినిండా బొచ్చుతో ఏడాదికోసారి తప్పకుండా కనిపించే జీవి అదొక్కటే. దాన్నించి ఊలు తీయడం కుదరదు, దురద.

మరి గొర్రెలో అంటారా? దాళ్వా కోతలయ్యాక ద్వారపూడి అవతల మా తమ్ముడి పొలంలో మంద దిగింది. రాత్రంతా గొర్రెలు మళ్లో పడుకుంటే తెల్లారేసరికి ఎరువు పడుతుంది, అందుకని రైతులే డబ్బిచ్చి మంద కట్టించుకుంటారు. కబురు తెలియగానే సంచీ పట్టుకుని పరుగెత్తాను. తీరా చూస్తే పొడుగాటి కాళ్లు, నున్నటి ఒళ్లు, వేళ్లాడే చెవులు. దువ్వినా రెండు వేళ్ల మధ్యకి ఏమీ రాదు.

"వీటి ఉన్ని ఏం చేస్తావయ్యా?" అన్నాను.

"ఉన్నేంటండీ?" అన్నాడు కాపరి. "నెల్లూరు గొర్రెలండి ఇయి. కూరకేనండి, ఆయ్."

మన దేశంలో అన్నింటికంటే ఎత్తయిన గొర్రె జాతి నెల్లూరుదే. తెల్లటిది పల్ల, కళ్ల చుట్టూ నల్లగా ఉంటే జోడిపి, గోధుమరంగుది దొర. ఇన్ని హంగులున్నాయి గానీ ఉన్ని మాత్రం లేదు. గొర్రెకి బెత్తెడు తోక ఇచ్చినవాడు మా కోస్తా గొర్రెకి బెత్తెడు బొచ్చు ఇవ్వలేకపోయాడు. ఎండ చూసి ఇచ్చాడని మావారి సమర్థన.

అందుకే ఊళ్లు పట్టుకు తిరగడం మొదలెట్టాను. మొదటిది ఊటీ. బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కి కోయంబత్తూరులో దిగి, అక్కణ్ణించి కొండ పైకి. అక్కడ సాండినల్లాలో గొర్రెల పరిశోధన కేంద్రం ఉంది. నీలగిరి జాతి గొర్రెకి మెరినో రక్తం కలిపి ఉన్ని మెరుగుపరిచే పనులు చేస్తారు. పొగమంచులో దూరాన్నించి చూస్తే గొర్రెలు మాసిన దూదిమూటల్లా ఉన్నాయి. నిరుత్సాహపడ్డాను. ఒక కుర్రాడు ఒకదాన్ని ఒడిసిపట్టుకుని వీపు మీద బొచ్చుని రెండు చేతులా పాయ తీశాడు. పైన బూడిద రంగు మురికి, మట్టి, గడ్డిపరకలు. లోపల, చర్మానికి ఆనుకుని, అప్పుడే చిలికిన వెన్న. సన్నటి ముడతలు ముడతలుగా ఒక్కొక్క పోగూ మెరుస్తోంది. వేలు పెట్టి చూశాను, వెచ్చగా, జిడ్డుగా ఉంది. ఆ జిడ్డు చెయ్యి సాయంత్రం దాకా కడుక్కోలేదు. ఆ గొర్రె నావైపు ఒక్కసారి చూసి వెనక్కి తిరిగి నిలబడింది. ఆ చూపు మా అత్తగారిదే.

ఆ రెండ్రోజులూ మావారు నేనల్లిన స్వెట్టరు విప్పలేదు. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో నాకదే ఊటీ.

తర్వాత రాజస్థాన్. టోంకు జిల్లా మాల్పురా దగ్గర 1962లో పెట్టిన కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ ఉంది. ఆ చోటి పేరు అవికానగర్. సంస్కృతంలో 'అవి' అంటే గొర్రె. ఈ ముక్క నాకు తెలుసు, మావారికి తెలీదు.

"ఏవి చూడ్డానికి అంత దూరం?"

"అవి."

"అవంటే ఏవే?"

"అవే."

టిక్కెట్లు బుక్కయ్యేదాకా ఇదే సంభాషణ.

కానీ నన్ను నిలబెట్టేసింది పాలమూరు. మా మేనకోడలికి మహబూబ్‌నగర్ వైపు ఉద్యోగం వచ్చింది, చూసొస్తానని బయల్దేరాను. చూసింది దక్కనీ గొర్రెని. నల్లటి గొర్రె, పీచులాంటి ముతక ఉన్ని. కురుమలు ఏడాదికి రెండుసార్లు కత్తెరేసి తీస్తారు. గొర్రెని కాళ్లు కట్టి పడుకోబెట్టి కరకరా కత్తిరిస్తుంటే, దుప్పటి విప్పినట్టు ఒక్క పొరగా ఊడివస్తుంది. గుంట మగ్గం మీద పట్టీలుగా నేసి, పట్టీలు కలిపి కుట్టి, చింతగింజల గంజి పట్టిస్తారు. అదీ గొంగడి. నాన్నమ్మ సామెతలో గొంగళిని మొదటిసారి చేత్తో ముట్టుకున్నాను. బిరుసుగా, బరువుగా, తడిసిన మేకపిల్ల వాసనతో ఉంది. ఒక ముసలాయన దాన్ని మడిచి తలమీంచి వేసుకుని, "వాన కొట్టినా లోపటికి చుక్క దిగది బిడ్డా" అన్నాడు. ఏరడానికి వెంట్రుకలేం కనపళ్లేదు. అంతా వెంట్రుకే.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. ఇప్పుడు ఉన్నికి ధర లేదు, మాంసానికి ఉంది. అందుకని మందల్లోకి నెల్లూరు పొట్టేళ్లు వచ్చాయి, పుట్టే పిల్లలకి బొచ్చు తగ్గుతూ వచ్చింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఒక్కో కాపరికి 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలెట్టినప్పుడు, జీవాల్ని కొనడానికి లారీలు మా ఆంధ్రా వైపూ వచ్చాయి. మాకు లేనిదాన్ని వాళ్లకీ లేకుండా చేసిందన్నమాట మా కోస్తా గొర్రె. ఈ మాట అన్నప్పుడు ముసలాయన నవ్వాడు గానీ, అది హాస్యానికి నవ్విన నవ్వు కాదు.

రెండు కిలోల నల్ల ఉన్ని కొనుక్కొచ్చి మఫ్లరు అల్లాను. మావారు మెడకి చుట్టుకుని అద్దంలో చూసుకుని, "తాటిపట్టె మీద మెడ వాల్చినట్టుంది" అని తీసేశారు.

ఇంతా తిరిగినదాన్ని, నరసాపురం దగ్గర ఒక పెళ్లిలో పరువు పోగొట్టుకున్నాను. విడిదింటి ఎదురరుగు మీద నలుగురు ఆడవాళ్లు కూర్చుని టీవీలో సీరియల్ చూస్తూ లేసు అల్లుతున్నారు. తెల్లటి నూలుదారం, కొన వంకర తిరిగిన ఒక్క సూది. కళ్లు టీవీ మీద, వేళ్లు వాటి పాటికి అవి. 1844లో మెక్రే అనే మిషనరీ దంపతులు ఈ విద్యని గోదావరి జిల్లాలకి తెచ్చారంటారు. ఇక్కడి ఆడవాళ్ల చేతుల్లో పడి దేశాలు దాటి వెళ్లింది. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా ఇచ్చారు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు వీళ్ల మీద 1982లో పుస్తకమే రాసింది. రోజంతా అల్లుతున్నా వీళ్లని 'ఇంట్లో ఖాళీగా ఉన్నవాళ్ల' కింద జమకట్టేస్తున్నారన్నది ఆవిడ గొడవ.

గొప్పకి పోయి నా సంచీలోంచి సూదులూ ఊలూ తీశాను. వాళ్లలో పెద్దావిడ చూసింది.

"రెండు సూదులెందుకండీ? మాకొకటే చాలండి."

స్వెట్టరుకి రెండు కావాలని చెప్పాను.

"ఇంతకీ దీనికెంతిస్తారండీ?"

"ఎవరూ ఏమీ ఇవ్వరు. ఊలు కూడా నేనే కొనుక్కుంటాను."

సీరియల్ వస్తుండగా ఆవిడ కళ్లు టీవీ మీంచి తిప్పింది ఆ ఒక్కసారే. "పాపం" అని పక్కావిడతో అంది. ముంజలబ్బాయి జాలికీ ఈ జాలికీ చాలా తేడా ఉంది. ఆవిడ దారం చొప్పున లెక్కగట్టి కూలి తీసుకునే మనిషి. నేను చేతి తీట తీర్చుకునే మనిషిని. అది ఆవిడకి క్షణంలో అర్థమైపోయింది.

చివరికి చూసింది, మొదట చూడాల్సింది. ఏలూరు. మా ఊరికి రెండు గంటల దూరం. తంగెళ్లమూడిలో ఉన్ని తివాచీలు నేస్తారు. ఎప్పుడో తురకల పాలనలో పర్షియా నుంచి వచ్చినవాళ్లు తెచ్చిన పని. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో ఏలూరు తివాచీ పరిచారు. కాటన్ దొర ఇక్కడ ఆనకట్ట పూర్తి చేస్తుండగా అక్కడ దొరసానులు మన ఉన్ని చూసి ముచ్చటపడుతున్నారన్నమాట! నేను ఊటీ, రాజస్థాన్, పాలమూరు తిరిగి, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది.

నిలువు మగ్గం ముందు ఒక పెద్దాయన బల్ల మీద కూర్చుని ఉన్నారు. నిలువునా బిగించిన నూలు పోగులు రెండింటి చుట్టూ ఎర్ర ఉన్ని తిప్పి, ముడేసి, చురకత్తితో టక్కున కోశారు. మళ్లీ ముడి, మళ్లీ కోత. వరస అయ్యాక ఇనుప దువ్వెనతో దబదబా దిగ్గొట్టారు. నేను కళ్లజోడు సవరించుకునేలోపు పది ముళ్లు పడ్డాయి. జారే కుట్టు లేదు, ప్రతి ముడీ దేనికదే.

"మీ చేతుల్లో ఉంది సార్ పని" అన్నాను. "పిల్లలెవరూ నేర్చుకోవట్లేదండి" అన్నారాయన, చెయ్యి ఆపకుండా.

తిరుగు రైల్లో మావారు కిటికీ లోంచి కొల్లేరు వైపు చూస్తూ, "వీళ్లు తెలివైనవాళ్లు. ఈ ఎండలకి ఉన్ని ఒంటి మీద వేసుకునేది కాదు, కాళ్లకింద వేసుకునేదని మూడొందల ఏళ్ల కిందే కనిపెట్టారు" అన్నారు. అందుకేనేమో, మా పెళ్లినాటి స్వెట్టరు ఇప్పుడు ఆయన పడక్కుర్చీ ముందు పరిచి ఉంది. మూడు నెలల పని. కాళ్లు పెట్టుకోవడానికి చాలా సుఖంగా ఉందట.

మీ ఇంట్లో పురిటికొచ్చిన ఆడపిల్ల ఉంటే కబురు పెట్టండి, టోపీ పంపిస్తాను. తల కొలత అక్కర్లేదు. ఊలు సాగుతుంది.